ఇంటి సంఘముల తగవులు: కోర్టునకు ముందు మెట్టు



నేటి ప్రసంగము అపార్టుమెంట్ల యజమానులకును, వారి సంఘములకును నడుమ కలుగు తగవులను గూర్చి. ఈ మాట వినగానే "ఇది పట్టణమువారి గొడవ, మాకేల?" అని రేడియో కట్టివేయబోవు వారిని ఒక్క నిమిషమాగుడని వేడుచున్నాను. రాజమహేంద్రవరమునను, కాకినాడయందును, భీమవరమునను, ఏలూరునను లేచుచున్న అయిదంతస్తుల మేడలలో కాపురమున్న వారెవరు? మీ పిల్లలే. ఎకరమో అరయెకరమో అమ్మి కొడుకునకో కూతునకో ఫ్లాటు కొనిపెట్టినవారు మీలో నెందరో కలరు. వయసు మీరినపిదప వైద్యునకు దాపున నుండవలెనని తామే వచ్చి చేరినవారును కలరు. ఊరిలో ఎవరి దొడ్డి వారిది, ఎవరి నుయ్యి వారిది. మేడలో గోడ ఉమ్మడి, కప్పు ఉమ్మడి, నీళ్లతొట్టి ఉమ్మడి, మెట్లు ఉమ్మడి. ఉమ్మడి యున్నచోట సంఘముండును. సంఘమున్నచోట తగవు పుట్టక మానదు. ఆ తగవు ముదిరినప్పుడు పిల్లలు ఫోను చేయునది ఊరిలోని పెద్దకే. కావున ఇది మీ విషయమే.

నేను చిరకాలము వకీలువృత్తిలో నున్నవాడను. వకీలు కోర్టునకు పోవలదని చెప్పుట, వంటవాడు నేడు ఉపవాసముండుడని చెప్పినట్లుండును. అయినను కొన్ని తగవులకు కోర్టు తగిన వైద్యము కాదని నా యనుభవము. పొలముగట్టు వ్యాజ్యమున గెలిచినవాడు తన చేనికి పోవును, ఓడినవాడు తన చేనికి పోవును. మేడ వ్యాజ్యమున గెలిచినవాడును ఓడినవాడును ఆ సాయంకాలమే ఒక్క లిఫ్టులో ఎక్కవలెను.

ముందుగా నాకు తెలిసిన యొక తగవు చెప్పెదను. ఊరును, పేర్లును చెప్పను. అందలివారు నేటికిని ఇరుగుపొరుగులే.

ఇరువది యిండ్ల మేడ యొకటి. మొదటి అంతస్తున కోనసీమనుండి వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడొకరు కాపురముండిరి. లిఫ్టు యంత్రము పాతబడి నిలిచిపోగా, క్రొత్తది వేయించుటకు 3,40,000 రూపాయలగునని సంఘము లెక్కవేసి, ఇంటికి 17,000 చొప్పున అడిగెను. "నేను మొదటి అంతస్తువాడను. నాకు కాళ్లున్నవి. లిఫ్టునకు నేనేల ఇయ్యవలె?" నని మాస్టారు నిరాకరించిరి. అంతటితో పోక, కోపమున నెలనెల ఇచ్చు 1,500 రూపాయల మెయింటెనెన్సును కూడ ఆపివేసిరి. పదునొకండు నెలలు గడచెను. కమిటీవారు రోజునకు పది రూపాయల అపరాధ రుసుమును తామే విధించి, మొత్తము 36,800 రూపాయలు బాకీయని తేల్చి, బాకీదారుల పట్టిక యని శీర్షిక పెట్టి ఆయన పేరును లిఫ్టు ప్రక్కనున్న నోటీసుబోర్డుపై అంటించిరి. పట్టికలో నున్నది ఒక్క పేరే.

ఆ వారమే మాస్టారి కుమార్తెను చూచుటకు పెండ్లివారు వచ్చిరి. వారిలోని పెద్ద యొకరు లిఫ్టుకొరకు నిలుచుండి ఆ కాగితము చదివి, లోనికి వచ్చి కాఫీ త్రాగుచు, "మాస్టారూ, క్రింద పట్టికలో ఉన్నది తమరి పేరేనాండీ?" యని అడిగెను. సంబంధము కుదరలేదు. దానివలననే తప్పిపోయినదని నేను చెప్పజాలను. జాతకములు కుదరక కూడ పోయియుండవచ్చును. మాస్టారు మాత్రము అట్లే నమ్మిరి.

పిదప వేసవి వచ్చెను. బోరు అడుగంటెను. ట్యాంకరు నీరు కొని తొట్టి నింపవలసి వచ్చినప్పుడు, సొమ్ము చెల్లింపనివానికి నీరేలయని కమిటీవారు కాపలావానిచేత మాస్టారి యింటి వాల్వు కట్టించిరి. ఆయన పోలీసుస్టేషనునకు పోయిరి. సంఘపు కార్యదర్శి యొకపూట స్టేషనులో బల్లమీద కూర్చుండవలసి వచ్చెను. ఆయనయు పరువుగల ఉద్యోగియే. మరి మూడు దినములకు రెండు వైపులనుండి వకీలు నోటీసులు నడచినవి.

చూచితిరా! 17,000 రూపాయల లెక్క ఎక్కడ ప్రారంభమై ఎక్కడకు పోయినదో! నా యొద్దకు వచ్చునప్పటికి లిఫ్టు మాట అడుగున పడిపోయినది. మాస్టారికి కాగితము, కార్యదర్శికి బల్ల: ఇవియే తగవు.

ఇట మనము గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఇద్దరు ఇరుగుపొరుగువారు పోట్లాడినచో మూడవ యింటివాడు నడుమకు వచ్చును. సభ్యునకును సంఘమునకును తగవు వచ్చినప్పుడు మూడవ యింటివాడును సంఘములోనివాడే. కట్నము విధించినది సంఘము, తప్పు పట్టినది సంఘము, శిక్షించినది సంఘము, అప్పీలు వినవలసినదియు సంఘమే. కక్షిదారుడును న్యాయాధిపతియు ఒక్కరే యైనచో, తీర్పు ధర్మమైనను ఎదుటివానికి ధర్మముగా తోచదు.

మీ నీటి సంఘములను తలచుకొనుడు. ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టినది మొదలు ఈ డెల్టాలో నీటి వంతు తగవు లేని సార్వా గాని దాళ్వా గాని లేదు. తూము దగ్గరివానికి మునుక, శివారువానికి ఎండు. 1997లో రైతుల నీటిపారుదల యాజమాన్య చట్టము వచ్చినప్పుడు దాని నిర్మాతలు ఈ సంగతి ఎరిగియే కాబోలు, తగవులకు మెట్లు కట్టిరి. నీటి వినియోగదారుల సంఘములోని రైతులకు తగవు వచ్చినచో ఆ సంఘపు కమిటీ తీర్చవలెను. ఆ తీర్పు నచ్చనివాడు 15 దినములలో పై సంఘమునకు, అనగా డిస్ట్రిబ్యూటరీ కమిటీకి అప్పీలు చేసికొనవచ్చును. అప్పీలును 15 దినములలో తేల్చవలెను. ఇవన్నియు ప్రతిచోట సక్రమముగా నడచినవని నేననను. కాని మెట్లున్నవి. పైమెట్టుపై కూర్చున్నవాడు క్రింది తగవులో కక్షిదారుడు కాడు.

అపార్టుమెంటు సంఘమునకో? ఆంధ్రప్రదేశమున అపార్టుమెంట్ల నిర్మాణమునకును యాజమాన్యమునకును 1987లో చట్టము చేసిరి. ఫ్లాటు ఎవరిది వారిది. క్రింది నేల, మెట్లు, లిఫ్టు, పైకప్పు మొదలగువానిలో అందరికిని విడదీయరాని భాగము. ఆ ఉమ్మడి సొత్తును చూచుకొనుటకు యజమానులందరును సంఘముగా నేర్పడవలెను. ఈ సంఘములలో పెక్కులు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రింద రిజిస్టరగుచున్నవి. ఆ చట్టపు 23వ ప్రకరణము తగవులను గూర్చి చెప్పునది ఇంతే: సంఘ వ్యవహారములలో తగవు వచ్చినచో సభ్యుడు 1996 నాటి ఆర్బిట్రేషను చట్టము ననుసరింపవచ్చును, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు చేసికొనవచ్చును. ఆర్బిట్రేషను అనగా ఒకనిని పంచుగా నియమించుకొని ఆతని తీర్పునకు కట్టుబడుట. దానికి ఉభయులును ఒప్పవలెను, ఖర్చును పెట్టుకొనవలెను. అట్లు కానిచో, లిఫ్టు చందా తగవుతో తిన్నగా జిల్లా కోర్టు వాకిట నిలువవలెను. మేడకు మెట్లున్నవి గాని మేడవారి తగవునకు మెట్లు లేవు. ఆ నడిమి మెట్టు మీరు కావలెనని చెప్పుటకే ఈ ప్రసంగము.

ఒక జాగ్రత్త చెప్పి ముందుకు పోయెదను. అన్ని సంఘములును ఒక చట్టము క్రింద నుండవు. కొన్ని 1964 నాటి సహకార చట్టము క్రింద నుండును. వాని తగవులు సహకార శాఖ రిజిస్ట్రారు నొద్దకు పోవును. కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టము క్రింద నుండును. వానికి ట్రిబ్యునలు కలదు. కావున తగవులో తలదూర్చు పెద్ద మొట్టమొదట అడుగవలసినది "ఎవరిది తప్పు?" అని కాదు, "మీ రిజిస్ట్రేషను పత్రమేది, నిబంధనావళి యేది?" అని. ఆశ్చర్యమేమన, ఇరువది యిండ్లలో ఆ నిబంధనావళి చదివినవారు ఇద్దరుందురో లేదో. మాస్టారి మేడలో కార్యదర్శి యొద్దనే అది లేదు. కట్టిన బిల్డరు నడిగి తెప్పించితిమి.

అందులో రెండు సంగతులు బయటపడినవి. లిఫ్టు మున్నగు ఉమ్మడి సౌకర్యములను వాడనంతమాత్రమున వాని ఖర్చునుండి ఎవరికిని మినహాయింపు లేదని స్పష్టముగా వ్రాసియున్నది. ఇది మాస్టారికి ప్రతికూలము. అపరాధ రుసుమును సర్వసభ్య సమావేశము తీర్మానింపనిదే విధింపరాదనియు వ్రాసియున్నది. ఇది కమిటీకి ప్రతికూలము. చదివి వినిపించినంతనే రెండు పక్షముల గొంతులును కొంత తగ్గినవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క తప్పు దొరకుట సంధికి మంచి శకునము.

ఇక గ్రామ పెద్దలకు ఈ పని క్రొత్తదా? 1816లోనే మద్రాసు ప్రభుత్వము రెగ్యులేషనులు చేసి గ్రామ మునసబునకు చిన్న దావాలు విచారించు అధికారమిచ్చెను. ఆ యేటనే గ్రామ పంచాయతీలకును ఆ విషయమున స్థానము కల్పించెను. 1984లో కరణము మునసబుల ఉద్యోగములు రద్దయినను, చావడి అరుగుమీద తీరిన తగవులను కన్నవారు మీలో నింకను కలరు. ఎవని మాటకు ముందు చెవి యొగ్గవలెనో, ఎప్పుడు మజ్జిగ తెప్పించవలెనో, ఎవని బావమరిదిని బయటకు పంపవలెనో మీకు తెలిసినట్లు మాకు తెలియదు.

అయినను మీరు మరువవలసినవియు కొన్ని కలవు. పెద్దలు నొచ్చుకొన్నను చెప్పక తప్పదు. చావడి పెద్ద తీర్పు చెప్పువాడు. నేటి మధ్యవర్తికి తీర్పు చెప్పు హక్కు లేదు, జరిమానా వేయు హక్కు అంతకన్న లేదు. కులమువారిపేర, ఊరివారిపేర శిక్షలు విధించు పంచాయతీలు చట్టవిరుద్ధములని 2011లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పినది. అంతకన్న చేదుమాట యొకటి కలదు. 2017లో పశ్చిమ గోదావరిలోని గరగపర్రున, అంబేద్కరు విగ్రహము విషయమున వచ్చిన వివాదముపై దళిత కుటుంబములను బహిష్కరించిరన్న వార్త దేశమంతట వినబడెను. పదిమంది యొక్కటై ఒకనికి పనియు, పాలును, పలుకరింపును ఆపుట వెలి. మేడలో వాల్వు కట్టుటయు ఆ వెలికి తోబుట్టువే యని నా యభిప్రాయము. వంతు సొమ్ము కట్టనివాని చేను ఎండబెట్టుట ఎట్టిదో, బాకీదారుని యింట పసిబిడ్డకు నీరాపుట అంతకన్న ఘోరమైనది. బాకీ వసూలు చేయుటకు దారులు వేరుగా కలవు.

అందుచేత మాస్టారి తగవులో కూర్చుండుటకు నేను మూడు షరతులు పెట్టితిని. వాల్వు ఆ పూటనే విప్పవలెను. బోర్డుమీది కాగితము ఆ పూటనే తీయవలెను. మాస్టారు వివాదములేని సొమ్మును, అనగా నెలవారీ మెయింటెనెన్సు 16,500 రూపాయలను ముందుగా చెల్లించవలెను. కాపలావాని జీతములోను మెట్లమీది దీపములోను ఆయనకు భాగము లేదని ఆయనయు అనలేదు గదా! వివాదమున్నదానిని, లేనిదానిని కలగలిపి పట్టుకొనుటయే ఇట్టి తగవులకు మూలము. బియ్యము చెరిగినట్లు ముందు దీనిని వేరుచేసినచో మిగులునది పిడికెడే.

మాస్టారు చెల్లించిరి. వారి పక్షమున అడిగినది లిఫ్టు లెక్కలు. కార్యదర్శి లెక్కలను ఒక గుడ్డసంచిలో తెచ్చెను. రసీదులు కొన్ని ముడుతలు పడి, కొన్ని వెలిసిపోయి యుండెను. మేము ముగ్గురము రెండు సాయంకాలములు కూర్చుండి ఒక్కొక్కటి వరుసపెట్టితిమి. 20,000 రూపాయలకు రసీదు లేదు. గది నిశ్శబ్దమయ్యెను. కార్యదర్శి ముఖము కందిపోయెను. చివరకు తేలినదేమన, కాపలావాని భార్యకు కాన్పు కష్టమై ఆసుపత్రిలో చేర్చినప్పుడు చేతిలో నున్న లిఫ్టు సొమ్ములోనుండి బదులిచ్చి, మరల కొంతకొంతగా జీతములో పట్టుకొందమని తలచి, ఆ మాట ఎవరితోను చెప్పక యూరకుండెను. మంచిపని. కాని ఉమ్మడి సొమ్ముతో చాటున చేసిన మంచిపనికి, చాటున చేసిన చెడ్డపనికి చూచువారి కన్నులలో భేదము కనబడదు. మాస్టారు అద్దములు తీసి తుడుచుకొని, "ముందే చెప్పియుంటే నేనూ అయిదువేలు ఇచ్చేవాణ్ణి కదయ్యా" యనిరి. తగవు తీరినది నా వలన కాదు, ఆ మాట వలన.

ఇట మధ్యవర్తి ఎట్టివాడు కావలెనో ఒక మాట. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకమును తెల్లవారువరకు చూచినవారు మీలో పెక్కురుందురు. శ్రీకృష్ణుడంతవాడు పోయి అయిదూళ్లయిన నిమ్మని యడిగినను సంధి పొసగలేదు. దానికి కారణములు పెద్దలు పెక్కులు చెప్పుదురు. నాకు తోచునది చిన్నది: ఆయన పాండవుల పక్షమున వచ్చినవాడు. రాయబారి వేరు, మధ్యవర్తి వేరు. మీ కొడుకు ఫ్లాటు తగవునకు మీరు పోయినచో మీరు రాయబారులే. అప్పుడు మీరు చేయదగినది, ఎదుటి పక్షమువారుకూడ ఒప్పుకొను మరియొక పెద్దను వెదకి కూర్చుండబెట్టుట. ఇతర ప్రాంతమువాడు, ఇతర సామాజిక వర్గమువాడు, ఆ మేడలో ఫ్లాటుగాని ఆ బిల్డరుతో లావాదేవీలుగాని లేనివాడు మేలు. స్త్రీ యైన మరియు మేలు. నీళ్ల తగవు, చెత్త తగవు, పిల్లల ఆట తగవు ఇవి మొదట తగులునది ఆడువారికే. కమిటీలలో మగవారే కూర్చుండుటచేత సగము సంగతి బయటకు రాదు.

అమెరికాలో నున్న మీ పిల్లలను ఫోనులో అడిగి చూడుడు. అచ్చట ఇండ్లవారి సంఘములు పచ్చిక ఎంత యెత్తు పెరుగవలెనో, తలుపునకు ఏ రంగు వేయవలెనో కూడ శాసించుచుండును. కాలిఫోర్నియా రాష్ట్రపు చట్టమున నాకు నచ్చిన ధర్మమొకటి కలదు. సంఘము వేరు పద్ధతి నేర్పరచుకొననిచోట, సభ్యుడు కూర్చుండి మాటలాడుదమని వ్రాతమూలకముగా అడిగినచో సంఘము కాదనరాదు. సంఘము అడిగినచో సభ్యుడు కాదనవచ్చును. అందుకై సభ్యునియొద్ద రుసుము పుచ్చుకొనరాదు. మరియు కొన్ని తరగతుల వ్యాజ్యములు వేయుటకు పూర్వము మధ్యవర్తిత్వమునకో ఆర్బిట్రేషనుకో ఉభయులును ప్రయత్నింపవలెను. ఫ్లారిడాలోను కొన్ని తగవులకు దావాకు ముందు మధ్యవర్తిత్వము నిర్బంధము. బలవంతుడైన పక్షమునకు బరువు హెచ్చు పెట్టుట మనము నేర్చుకొనదగిన సంగతి.

ఇక సంధి కుదిరినదనుకొందము. అంతట చేతులు కలిపి కాఫీ త్రాగి లేచిపోవుట మన అలవాటు. ఇచ్చటనే పెద్ద పొరపాటు జరుగును. నోటిమాట ఆరు నెలలకు ఆరు విధములగును. ఎవరెంత, ఏ తేదీలోగా, ఏ విధముగా చెల్లించవలెనో, సంఘమేమి చేయవలెనో తెలుగులో తేటగా వ్రాసి, ఉభయులును, మధ్యవర్తియు సంతకములు చేయవలెను. సంఘము పక్షమున సంతకము చేయువానికి ఆ అధికారమిచ్చు తీర్మానముకూడ ఉండవలెను. లేనిచో క్రొత్త కమిటీ వచ్చి మాకు తెలియదనును.

ఆ కాగితమునకు కోర్టు డిక్రీ బలము కావలెనన్నచో లోక్ అదాలతు కలదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము, దావా వేయకపూర్వమే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని మండల న్యాయసేవా కమిటీకి గాని దరఖాస్తు పెట్టవచ్చును. కోర్టు రుసుము లేదు. ఉభయులును ఒప్పుకొన్న రాజీని అచ్చట అవార్డుగా వ్రాసినచో, అది సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. ఇదివరకే దావా నడచుచున్నదై, కోర్టు దానిని లోక్ అదాలతునకు పంపగా అచ్చట రాజీపడినచో, కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. ఒక్క సంగతి మరువకుడు: లోక్ అదాలతు తీర్పు చెప్పదు, ఒప్పుదలను నమోదు చేయును. ఒప్పుదల లేనిచో తగవు ఉన్నచోటనే యుండును. సందేహములకు 15100 అను నంబరునకు ఫోను చేసిన న్యాయసేవావారు పలుకుదురు. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు.

2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టమొకటి చేసినది. ఒక ప్రాంతపు నివాసుల శాంతికి భంగము కలిగించు తగవులను, ఉభయుల సమ్మతిపై ముగ్గురు మధ్యవర్తులచే పరిష్కరింపజేయు సామాజిక మధ్యవర్తిత్వమును అందు పేర్కొనిరి. సంఘమున గౌరవము గల వ్యక్తులను, నివాసుల సంఘముల ప్రతినిధులను ఆ బృందములోనికి తీసికొనవచ్చునట. అనగా మీవంటివారినే. అయితే ఆ విధమున కుదిరిన ఒడంబడిక డిక్రీవలె అమలు కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. దానిలోని ప్రకరణములును ఒక్కమారుగ గాక విడతలుగా అమలునకు వచ్చునవి గనుక, ముందుగా న్యాయసేవాధికార సంస్థలో విచారించుకొనుడు.

సంధి మాటలలో కాలము గడచిపోవు ప్రమాదమును గూర్చి కూడ చెప్పవలెను. సొమ్ము బాకీకి సాధారణముగా మూడేండ్ల గడువు. "పెద్దలు మాటలాడుచున్నారు గదా" యని ఊరకున్నచో గడువు ఆగదు. మూడేండ్లు నిండకముందే బాకీదారుచేత బాకీ యొప్పుకొనుచు సంతకము చేయించుకొన్నచో ఆ నాటినుండి క్రొత్త గడువు ప్రారంభమగును. కొంత సొమ్ము జమకట్టి, ఆ చెల్లింపును తన చేతివ్రాతతోనో సంతకముతోనో నమోదు చేసినను అంతే. సంధికి కూర్చున్న మధ్యవర్తి ఈ కాగితమును మొదటి దినమే వ్రాయించుట మేలు. మాస్టారు మొదట అనుమానించిరి. "సంతకము చేసినచో ఓడినట్లే గదా" యనిరి. ఒప్పుకొన్నది 16,500 మాత్రమేయనియు, లిఫ్టు సొమ్ము విషయమున ఆయన వాదము ఆయనకు ఉన్నదనియు అందే వ్రాయగా సమ్మతించిరి.

అన్ని తగవులకును సంధియే మందని నేననను. పునాది కదలుచున్నను, పైకప్పుమీద ఎవడో అక్రమముగా గది కట్టుచున్నను, కార్యదర్శి సొమ్ము మ్రింగి మాయమైనను, స్త్రీలపై దౌర్జన్యము జరిగినను రాయబారముతో కాలయాపన చేయరాదు. అప్పుడు ఇంజంక్షనుకో పోలీసులకో వెంటనే పోవలెను. బిల్డరుతో వచ్చు తగవులకు రెరా అను వేరు సంస్థ కలదు. అది ఈ పూట విషయము కాదు.

మాస్టారి తగవు మొత్తము మూడు బైఠకులలో, పందొమ్మిది దినములలో ముగిసినది. లిఫ్టు సొమ్ము 17,000ను నాలుగు వాయిదాలలో చెల్లించుటకు ఆయన ఒప్పుకొనిరి. అపరాధ రుసుము 3,300ను సంఘము వదలుకొనెను. కాపలావానికిచ్చిన 20,000ను సర్వసభ్య సమావేశము ఆమోదించి, నెలకు 500 చొప్పున పట్టుకొనుటకు తీర్మానించెను. మూడు నెలలకొకమారు లెక్కలు బోర్డుపై పెట్టవలెనని వ్రాసిరి. మాస్టారు అడిగిన క్షమాపణ మాత్రము కాగితమునకెక్కలేదు. కార్యదర్శి దానికి ససేమిరా యనెను. నేనును బలవంతము చేయలేదు. ఆ ఆదివారము ఆయన భార్యతోకూడ మాస్టారి యింటికి పోయి, గంటసేపు కూర్చుండి వచ్చినట్లు తరువాత విన్నాను. ఏమి మాటలాడుకొనిరో ఎవరును నాకు చెప్పలేదు.

పిదప ఆ మేడవారు తమ నిబంధనావళిలో చేర్చుటకు ఒక నిబంధన వ్రాసియిమ్మని కోరగా, చిన్న చిత్తు వ్రాసియిచ్చితిని. మీ పిల్లల సంఘములకు పనికివచ్చునేమోయని చదువుచున్నాను. "సభ్యునకు సంఘముతో తగవు వచ్చినచో, సభ్యుడు వ్రాతమూలకముగా కోరిన 7 దినములలో కమిటీ ఆతనితో కూర్చుండి మాటలాడవలెను. అప్పటికిని తీరనిచో, ఉభయులును ఒప్పుకొన్న, ఈ మేడతో సంబంధములేని మధ్యవర్తి యెదుట 30 దినములలోగా సంధికి యత్నింపవలెను. ఆ కాలమున సభ్యుడు వివాదములేని సొమ్మును చెల్లించుచుండవలెను, సంఘము నీరు, దీపము, లిఫ్టు ఆపరాదు. బాకీదారుల పేర్లు బోర్డుపై వ్రాయరాదు."

చివరి వాక్యము నా చిత్తులో లేదు. సర్వసభ్య సమావేశమున మాస్టారు లేచి చేర్పించిరి. దానిని బలపరచినది కార్యదర్శి.